కాటా గది దగ్గర తడిగుడ్డ

సిగ్గుండాలి నీకు.

అవును, నిన్నే అంటున్నాను. ఎదిగిన మనిషివి, పిల్లల తండ్రివి. రోడ్డు మధ్యలో కారు వదిలేసి, కాళ్ళకున్న చెప్పులు కూడా వదిలేసి పరిగెత్తుకొచ్చావు. వచ్చినవాడివి నోరు మూసుకున్నావా? తెల్లారగానే టీ కొట్టు దగ్గర నిలబడి కథ మొదలుపెట్టావు. కాటా గది దగ్గర బండి ఆగిపోయిందట. బానెట్టు మీద ఎవరో గోళ్ళతో కొట్టారట... టక్... టక్... అని. గది వెనక నుంచి దుప్పటి కప్పుకున్న ఆకారం ఒకటి వచ్చిందట. దాని చేతిలోంచి ఏదో కారుతోందట.

"నెత్తురే అయ్యుంటుంది" అన్నావు.

అయ్యుంటుంది! చూశావా? చూడలేదు. వెనక్కి తిరిగితే కదా చూడ్డానికి.

తర్వాత నలుగురిని వెంటబెట్టుకుని వెళ్ళి తాళం తిప్పితే బండి చక్కగా స్టార్టయింది. "దెయ్యం దయ తలిచింది" అని నవ్వావు. నీ బండి ఎందుకు ఆగిందో ఎవరినైనా అడిగావా? పోనీ, ఆగినది మళ్ళీ ఎందుకు నడిచిందో అడిగావా?

కూర్చో. ఇవాళ మొత్తం విను. నేను విన్నది విన్నట్టే చెబుతాను. కొంత నర్సమ్మ చెప్పింది. మిగతాది ఎవరు చెప్పారో... అది చివర్లో చెబుతాను.

కాటా గది సంగతి నీకు కొత్త కాదు. ఊరు దాటాక రోడ్డు కొండ మీదికి ఎక్కుతుంది. ఎక్కీ ఎక్కీ ఇంకాసేపట్లో చదును వస్తుందనగా, ఎడమ పక్కన ఆ గది. రాళ్ళ క్వారీ నడిచిన రోజుల్లో లారీలు అక్కడ ఆగి తూకం వేయించుకునేవి. క్వారీ మూతపడింది. తూకం వేసే ఇనప పలక తుప్పు పట్టి నేలలోకి కుంగింది. గదికి తలుపుంది, కిటికీకి రెక్కల్లేవు. గది ఎదురుగా, రోడ్డుకి అవతల... గొయ్యి. రాయి తవ్వుకుపోగా మిగిలిన గొయ్యి. పెద్దాసుపత్రికి వెళ్ళాలంటే దగ్గర దారి అదే. కొండ చుట్టూ తిరిగి వెళ్ళే రోడ్డు ఇంకోటి ఉంది కానీ, దానికి రెట్టింపు సమయం పడుతుంది.

ఇప్పుడు చీకటి పడితే ఆ దారిన ఎవరూ పోరు. ఆగిన బండ్ల కథలు ఎన్ని విన్నామో! ఒకరికి తెల్లచీర కనిపించిందంటారు, ఒకరికి ఏడుపు వినిపించిందంటారు. అందరికీ వినిపించింది మాత్రం ఒకటే — ఆగిన బండి బానెట్టు మీద టక్... టక్...

ఆ చోటుకి ఆ చెడ్డపేరు మొదటి నుంచీ లేదు. ఒక మనిషి పెట్టాడు. కావాలని పెట్టాడు.

అతన్ని చెవుల మేస్త్రీ అనేవాళ్ళు. చెవులు పెద్దవని కాదు, ఇంజిను చప్పుడు విని జబ్బు చెప్పేవాడని. ముందు బానెట్టు ఎత్తేవాడే కాదు. కళ్ళు మూసుకుని, తల కాస్త పక్కకి వంచి, బండి పక్కన నిలబడేవాడు. "రెండో వాల్వు" అనేవాడు. విప్పి చూస్తే అదే! ఆ విద్య నిజమే, నేను కాదనను. విద్యతో పాటు గర్వం కూడా వచ్చింది. అది విద్యకంటే పెద్దదైంది.

షెడ్డు గోడ మీద ఎర్రరంగుతో తన చేత్తోనే రాసుకున్నాడు — "ఇక్కడ ఏ బండీ రాత్రి నిద్రపోదు." పొద్దున వచ్చిన బండి చీకటి పడేలోపు వెళ్ళిపోవాలి. ఆ మాట కోసం అన్నం మానేసేవాడు. ఆ మాట కోసమే తర్వాత ఇంకా చాలా మానేశాడు.

పాత కార్లకి ఒక రకం జబ్బు ఉంటుంది. వచ్చిపోయే జ్వరం లాంటిది. డాక్టరు ముందు కూర్చునేసరికి ఒళ్ళు చల్లగా ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే బండిని దగ్గర పెట్టుకోవాలి. ఎక్కించాలి, దించాలి, వేడెక్కించాలి, అది ఆగేదాకా ఓపిగ్గా కూర్చోవాలి. ఆగిన క్షణంలోనే బానెట్టు ఎత్తి చూడాలి. ఆ ఓపిక మేస్త్రీకి లేదు. గోడ మీద రాసుకున్నాడు కదా.

మొదట వచ్చింది మాస్టారి కారు. బడిలో లెక్కలు చెప్పే మాస్టారు. మెత్తటి మనిషి.

"కొండ ఎక్కే దారిలో, ఆ ఎక్కుడు మీద ఆగిపోతోందయ్యా" అన్నాడు. "కాసేపు ఊరుకుంటే మళ్ళీ అదే నడుస్తోంది. నాకేమీ అంతుపట్టడం లేదు."

మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. చల్లగా ఉన్న ఇంజిను చక్కగా మోగుతోంది.

"మాస్టారూ, మీ బండి నిక్షేపంలా ఉంది. గేరు మార్చడమే మీకు రావడం లేదు. పిల్లలకి ఎక్కాలు అప్పజెప్పించడం కాదు కదా ఇది!"

షెడ్డులో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. మాస్టారు కూడా సిగ్గుపడుతూ నవ్వి వెళ్ళిపోయాడు. ఆయన మళ్ళీ రాలేదు. నవ్వులపాలైన చోటికి ఎవరు మాత్రం వస్తారు?

తర్వాత ఒకరోజు చీకటి పడ్డాక, కాటా గది దగ్గర ఆ బండి ఆగిపోయింది. ఇంజిను చచ్చిపోయింది, రోడ్డు ఏటవాలు. చీకట్లో హ్యాండ్‌బ్రేకు కోసం తడుముకునేలోపే బండి వెనక్కి జారింది. గోతిలో రాతి అరుగు మీద పడింది. వెనక భాగం నుజ్జయిపోయింది. ముందు భాగం మీద గీత కూడా పడలేదు. మాస్టారు పోయాడు.

ఆయన భార్య ఆ బండి ముఖం చూడనంది. క్రేనుతో పైకి లాగి, ఎక్కడ పెట్టాలో తెలియక, మేస్త్రీ షెడ్డు వెనక పడేశారు. మేస్త్రీ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. చూశాడు. తిరిగి పనిలోకి వెళ్ళిపోయాడు.

అప్పటికైనా ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

ఆ తర్వాత నర్సమ్మ కారు వచ్చింది. కొండకి ఇవతల ఉన్న మనందరికీ ఆమె ఒక్కతే దిక్కు. సూది వేసేది ఆమె, కట్టు కట్టేది ఆమె, పరిస్థితి మరీ మించితే తన పాత కారులో పడుకోబెట్టుకుని కొండ దాటించి ఆసుపత్రిలో చేర్చేది ఆమె. ఆ కారు కాయిల్ పూర్తిగా చచ్చిపోయింది. కాయిల్ అంటే మరేం కాదు, పిడికిలంత నల్ల డబ్బా. ఇంజినులో నిప్పురవ్వ పుట్టేది దానివల్లే. అది పోతే బండి కదలదు.

"కొత్తది వేసేయ్ మేస్త్రీ. ఎప్పుడు ఎవరు పిలుస్తారో తెలియదు" అంది నర్సమ్మ.

కొత్తది దుకాణంలో లేదు. రావడానికి కొన్ని రోజులు పడుతుందన్నారు.

ఆ ఒక్క ముక్క ఆమెతో చెబితే సరిపోయేది. కానీ బండి షెడ్డులో నిద్రపోవాలి. నలుగురూ చూస్తారు. గోడ మీద రాత అబద్ధమవుతుంది. మేస్త్రీ షెడ్డు వెనక్కి వెళ్ళాడు. మాస్టారి బండి బానెట్టు ఎత్తాడు...

కాయిల్ విప్పి పరీక్షించాడు. నిప్పురవ్వ చక్కగానే వచ్చింది. రాదా మరి? చల్లగా ఉంది కదా. ఇంటికి తెచ్చి, పెరట్లో కూర్చుని, తుప్పు గీకి, నల్లరంగు పూశాడు.

ఆ ఇంట్లో ఉండేది అతనూ, వాళ్ళక్కా. చిన్నప్పుడే తల్లి పోతే, తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన అక్క. వాడి కోసం తను పెళ్ళే చేసుకోలేదు. ఆమె వాకిట్లోకి వచ్చి చూసింది.

"ఏంట్రా ఆ డబ్బా? రంగులు పూసి ముస్తాబు చేస్తున్నావు, పెళ్ళిచూపులకా?"

"బండిదక్కా."

"ఏ బండిది?"

"ఇనప సామానుకి ఊరూ పేరూ ఏముంటాయక్కా."

 ఆమె తమ్ముడి ముఖంలోకి చూసింది. మేస్త్రీ తల ఎత్తలేదు.

సాయంత్రానికి నర్సమ్మ బండి బయటికి వెళ్ళింది. "కొత్త కాయిల్ వేశానమ్మా. ఇక నిశ్చింతగా తిరగండి" అన్నాడు.

నిశ్చింత ఎక్కడిది? కొద్దిరోజులకే ఆ బండి ఎక్కుడు మీద ఆగింది. కాటా గది దగ్గర. సరిగ్గా మాస్టారి బండి ఆగిన చోట.

నర్సమ్మ షెడ్డుకి తెచ్చింది. మేస్త్రీ కళ్ళు మూసుకుని విన్నాడు. ఏమీ లేదు. ప్లగ్గులు మార్చాడు. మళ్ళీ ఆగింది. కార్బొరేటర్ విప్పి కడిగాడు. మళ్ళీ ఆగింది. పెట్రోలు గొట్టం ఊది చూశాడు, బ్యాటరీ తీగలు బిగించాడు. మళ్ళీ... అక్కడే.

ఒకరోజు అక్క షెడ్డుకి అన్నం తెచ్చింది. అప్పుడే నర్సమ్మ అలిసిపోయిన ముఖంతో అంది, "ఒకటి గమనించాను మేస్త్రీ. ఎక్కేటప్పుడే ఆగుతోంది. అటు నుంచి దిగి వచ్చేటప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదు."

"అయితే దానికి దిగేవాళ్ళంటే మంచి అభిప్రాయమే ఉందన్నమాట" అని నవ్వింది అక్క.

మేస్త్రీ నవ్వలేదు. చేతిలో ఉన్న పానా కింద పెట్టాడు.

ఎక్కేటప్పుడు ఇంజిను ఒళ్ళంతా కాలిపోతుంది. ఆ వేడంతా కొండ చివరికి, కాటా గది దగ్గరికి వచ్చేసరికి నెత్తికెక్కుతుంది. వేడికి కాయిల్ లోపలి తీగ విడిపోతుంది. రవ్వ పోతుంది. కాసేపు ఆగితే చల్లబడి తీగ మళ్ళీ అతుక్కుంటుంది. దిగేటప్పుడు ఇంజినుకి శ్రమ లేదు, అందుకే ఆగదు... ఆ క్షణంలో మేస్త్రీకి అంతా తెలిసిపోయింది. మాస్టారు ఎందుకు చచ్చిపోయాడో కూడా తెలిసిపోయింది. మాస్టారిని చంపిన డబ్బానే కడిగి, రంగు పూసి, తన చేతులతో నర్సమ్మ బండిలో బిగించాడు.

నోరు తెరిచి ఒక్క మాట చెప్పాలి. "అమ్మా, తప్పు చేశాను."

నోరు తెరిచాడు. ఏమన్నాడో తెలుసా?

"బండిలో ఏ లోపమూ లేదమ్మా. లోపం ఆ చోటులో ఉంది. మాస్టారి బండి కూడా అక్కడే కదా... చెప్పకూడదు కానీ, మీరు ఆ దారిన వెళ్ళకండి."

అక్క చేతిలో గిన్నె మూత ఖంగుమని పడింది. "ఏం మాటలురా అవి? తెలియకపోతే తెలియదని చెప్పు. నోరేమీ అరిగిపోదు."

అరగలేదు. ఆ నోట్లోంచి వచ్చిన మాట మాత్రం పొద్దుగూకేసరికి ఊరంతా పాకింది. మేస్త్రీ అంతటివాడే చెప్పాక ఇంకేముంది? అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని చప్పుడు అందరికీ వినబడడం మొదలైంది — టక్... టక్... వేడెక్కిన ఇనుము చల్లబడేటప్పుడు ముడుచుకుంటూ చేసే చప్పుడది. నీ వంటింట్లో పొయ్యి మీంచి దించిన పెనం కూడా చేస్తుంది. అది మేస్త్రీకి తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు.

నర్సమ్మ దెయ్యాల్ని నమ్మే మనిషి కాదు. అయినా చీకట్లో ఒంటరిగా, ఆగిన బండిలో, ఆ చప్పుడు వింటూ ఎన్నిసార్లని కూర్చుంటుంది? చుట్టుదారి పట్టింది. రోగులు ఆ దారంతా మూలుగుతూ వెళ్ళారు. ఒక పసివాడు ఆసుపత్రి గేటు కనిపిస్తుండగానే పోయాడు. ఎక్కుడు మీంచి వెళ్ళి ఉంటే దక్కేవాడేమో, ఎవరు చెప్పగలరు?

ఇంతలో పట్నం నుంచి కొత్త కాయిల్ వచ్చింది. మేస్త్రీ దాన్ని అట్టపెట్టెతో సహా షెడ్డు అరలో పెట్టాడు. నర్సమ్మ పక్కన లేనప్పుడు గుట్టుగా మార్చేద్దామని. కానీ నర్సమ్మ బండిని వదిలి ఎప్పుడు వెళుతుంది? రాత్రి ఉంచుకునే అలవాటు ఈ షెడ్డులో లేదాయె. పని జరిగినంతసేపూ ఆమె స్టూలు వేసుకుని పక్కనే కూర్చునేది. ఆమె కళ్ళ ముందు ఆ పెట్టె తెరిస్తే, "మొన్ననే కొత్తది వేశానన్నావు కదా?" అంటుంది. ఆ ప్రశ్నకి భయపడ్డాడు. ఆ చేతులు ఎన్నో ఇంజిన్లు విప్పాయి, ఆ ఒక్క అట్టపెట్టె విప్పలేకపోయాయి.

రోజులు గడిచాయి. పెట్టె మీద దుమ్ము పడింది.

ఒక రాత్రి అక్క నిద్రలోంచి లేచి కూర్చుంది. గుండెల మీద బండరాయి పెట్టినట్టుందంది. ఒళ్ళంతా చెమటలు. పెదాలు నల్లబడ్డాయి.

మేస్త్రీ పరుగున వెళ్ళి నర్సమ్మని లేపాడు. ఆమె వచ్చి, నాడి చూసి, సూది వేసి, అతన్ని గుమ్మం బయటికి పిలిచింది. గుసగుసగా అంది.

"గుండె. త్వరగా ఆసుపత్రికి చేరాలి. చుట్టుదారిలో వెళితే... నాకు నమ్మకం లేదు. ఎక్కుడు మీంచి వెళ్ళమంటావా? ఈ బండి సంగతి నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నువ్వు ఏది చెబితే అది చేస్తాను."

షెడ్డు ఇంటికి ఆనుకునే ఉంది. తలుపు తెరిచే ఉంది. అరలో పెట్టె కనిపిస్తూనే ఉంది. అది మార్చడానికి ఎంతసేపు? కట్టెల పొయ్యి వెలిగించేంతసేపు కూడా పట్టదు. ఒక్క మాట చెప్పాలి, అంతే.

అతను పెట్టె వైపు చూశాడు. నర్సమ్మ వైపు చూశాడు.

"ఎక్కుడు మీంచే పోనివ్వండమ్మా. రాత్రి చల్లగా ఉంది. ఏమీ కాదు."

అలా అన్నాడు. పెంచిన అక్క ప్రాణం ఒక పక్క, తన మాట ఒక పక్క... ఆ రెండింట్లో అతను తన మాటనే ఎంచుకున్నాడు.

నర్సమ్మ నడుపుతోంది. వెనక సీట్లో అక్క పడుకుంది. నుదుటి మీద నర్సమ్మ వేసిన తడిగుడ్డ. ఆమె తల మేస్త్రీ ఒళ్ళో ఉంది. ఎక్కుడు మొదలైంది. మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. ఆ చెవులు ఊరుకుంటాయా? వింటున్నాయి. ఇంజిను నిండుగా మోగుతోంది... మోగుతోంది... కొండ నడుముకి వచ్చేసరికి ఒక్క రవ్వ తప్పింది. నర్సమ్మకి వినిపించలేదు. అతనికి వినిపించింది. ఇంకాస్త పైకి... ఇంకో రవ్వ. 

కాటా గది గోడ లైటు వెలుగులోకి వచ్చింది.

బండి ఒక్కసారి కుదుపు ఇచ్చింది. అంతే — నిశ్శబ్దం.

నర్సమ్మ హ్యాండ్‌బ్రేకు లాగింది. మేస్త్రీ దిగి చక్రం వెనక చెక్కముక్క పెట్టి వచ్చాడు. ఆమె వెనక్కి వెళ్ళి అక్క పక్కన కూర్చుంది. అతను ముందుకి వచ్చి తాళం తిప్పాడు. సెల్ఫ్ తిరుగుతోంది. ఇంజిను అందుకోవడం లేదు.

చీకటి. పక్కన గది. అటు గొయ్యి. గాలి కూడా లేదు.

టక్...

నర్సమ్మ తల ఎత్తింది.

టక్... టక్...

"మేస్త్రీ... నువ్వన్నది నిజమే. ఎవరో కొడుతున్నారు..." ఆమె గొంతు వణికింది. దేనికీ వణకని మనిషి. ఆ వణుకు ఆమెకి నేర్పింది అతనే.

అతను చెప్పలేదు, ఇనుము చల్లబడుతోందని. ఎందుకంటే ఆ క్షణాన అతనికే అనుమానం వచ్చింది. ఆ చప్పుడు ఇంజినులోంచి వస్తున్నట్టు లేదు. బానెట్టు పైనుంచి... ఓపిగ్గా, ఒక మెత్తటి మనిషి తలుపు తట్టినట్టు...

"తమ్ముడూ." అక్క గొంతు. దూరం నుంచి వచ్చినట్టుంది.

"ఉన్నానక్కా."

"ఆ నల్ల డబ్బా... రంగేశావే... మాస్టారిదిరా అది?"

అతను తాళం మళ్ళీ తిప్పాడు.

"చెప్పెయ్‌రా... చెబితే ఏం పోతుంది..."

ఏం పోతుందో అతనికి తెలుసు. పేరు పోతుంది. అతని మనసు ఒక లెక్క వేసింది. కాసేపు ఆగితే కాయిల్ దానంతటదే చల్లబడుతుంది, బండి నడుస్తుంది. ఎప్పుడూ నడిచింది కదా! బానెట్టు ఎత్తక్కర్లేదు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. కాసేపు... ఇంకాసేపు...

జీవితంలో ఏ బండి కోసమూ ఎదురుచూడని మనిషి, ఆ రాత్రి ఎదురుచూశాడు.

తాళం తిప్పాడు. లేదు. ఆగాడు. తిప్పాడు. లేదు. వెనక అక్క ఊపిరి ఈడ్చుకుంటూ వస్తోంది. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. ఆ చెవులకి అది వినిపించకుండా ఉంటుందా? కొండ నడుము దగ్గర ఇంజినులో విన్నాడే — రవ్వ తప్పడం — అదే చప్పుడు. అచ్చం అదే.

అప్పుడు లేచాడు. తలుపు తీసి వెనక్కి వంగి, అక్క నుదుటి మీది గుడ్డ లాక్కున్నాడు. సీసాలో నీళ్ళన్నీ దాని మీద కుమ్మరించాడు. బానెట్టు ఎత్తి, మాడిపోతున్న ఆ నల్ల డబ్బా చుట్టూ చుట్టాడు. సుయ్యిమని పొగ లేచింది. రెండు చేతులతో నొక్కి పట్టుకున్నాడు. అరచేతులు కాలుతున్నా వదల్లేదు.

పరిగెత్తి వచ్చి తాళం తిప్పాడు.

మొదటి తిప్పుకే ఇంజిను అందుకుంది.

"అక్కా! కదిలిందక్కా! ఇదిగో, ఇక ఎంతసేపు..."

గేరు వేయబోతుంటే వెనక నుంచి నర్సమ్మ చెయ్యి అతని భుజం మీద పడింది.

"మెల్లగా నడుపు మేస్త్రీ" అంది. "ఇక తొందర లేదు."

ఇంజిను మోగుతూనే ఉంది. ఆమె మళ్ళీ అంది. ఈసారి ఆ గొంతులో వణుకు లేదు.

"తడిగుడ్డ వేస్తే నడుస్తుందని నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

అబద్ధం చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. "మీరు దిగేటప్పుడు ఆగదని చెప్పినప్పటి నుంచి."

 ఆనాటి నుంచి ఈనాటి దాకా ఆమె అతనితో ఒక్క మాట మాట్లాడలేదు.

అక్క దినాలు అయ్యాక అతను నర్సమ్మ ఇంటికి వెళ్ళి, వాకిట్లో ఉన్న బండికి కొత్త కాయిల్ బిగించాడు. పాతది గోతిలోకి విసిరేశాడు. షెడ్డు గోడ మీద రాత గీకేశాడు. టీ కొట్టు దగ్గర నిలబడి, అందరి ముందూ మొత్తం చెప్పాడు. కాయిల్ సంగతి, మాస్టారి సంగతి, దెయ్యం ఏదీ లేదన్న సంగతి.

ఎవరైనా నమ్మారా?

"పాపం, అక్క పోయి మతి చెడింది" అన్నారు. "ఆ చోటే పట్టి పీడిస్తోంది" అన్నారు. మాస్టారి భార్య ఒక్కతే నమ్మింది. ఆమె అతని ముఖం మీద తలుపు వేసుకుంది. మిగిలినవాళ్ళకి దెయ్యం మీద మోజు తీరలేదు. మేస్త్రీ నోటితో మొదటిసారి చెప్పిన అబద్ధం అందరికీ కావాలి, అదే నోరు చెప్పిన నిజం ఎవరికీ అక్కర్లేదు. దెయ్యం పట్టినవాడి చేతికి బండి ఇవ్వడానికీ ఎవరికీ ధైర్యం చాలలేదు. షెడ్డు మూతపడింది. అతను ఒకరోజు ఎవరికీ కనిపించకుండా పోయాడు. గోతిలో పడి చచ్చిపోయాడన్నారు. ఆ చోటు ఖాతాలో ఇంకో దెయ్యం చేరింది.

ఇప్పుడు చెబుతాను, మిగతా కథ నాకు ఎవరు చెప్పారో.

అతనే చెప్పాడు.

చచ్చిపోలేదు. కాటా గదిలో ఉంటున్నాడు. ఒక దుప్పటి, ఒక నీళ్ళ కుండ, ఒక గుడ్డ... అక్క నుదుటి మీదిది. పట్టపగలు వెళ్ళాను నేను, ఎవరో చూద్దామని. చేతుల నిండా కాలిన మచ్చలు. చెవుల్లో దూది కుక్కుకున్నాడు. బండి లేని రాత్రుళ్ళు కూడా ఆ టక్ టక్ వినిపిస్తుందట. నేను కూర్చున్నంతసేపూ నాకేమీ వినిపించలేదు. అతను మాత్రం మాట మధ్యలో ఆగి, తల పక్కకి వంచి, "మాస్టారూ, వస్తున్నా" అన్నాడు. నా ఒళ్ళు జలదరించింది. అబద్ధమెందుకు?

ఎక్కుడు మీద ఏ బండి ఆగినా అతనికి తెలుస్తుంది. గుడ్డ తడిపి, చీకట్లో పడుతూ లేస్తూ వస్తాడు. నువ్వు నెత్తురన్నావే, అవి నీళ్ళు. నువ్వు పారిపోయాక నీ బండి బానెట్టు ఎత్తి, తడిగుడ్డ చుట్టి, చక్రం వెనక రాయి పెట్టి, గోతిలోకి జారకుండా తెల్లారేదాకా కాపలా కాశాడు. నీ చెప్పులు దులిపి గుమ్మం పక్కన పెట్టాడట. వెళ్ళి తెచ్చుకో.

వెళ్ళవు. నీ ముఖం చూస్తేనే తెలుస్తోంది.

అతను నన్ను ఒక్కటే అడిగాడు. "ఎందుకయ్యా అందరూ పరిగెడతారు? ఒక్కడు ఆగితే చాలు. 'మీ కాయిల్ మార్పించుకోండి' అని చెబుదామని ఉంది, అంతే."

ఇప్పటిదాకా ఒక్కడూ ఆగలేదు.